బోనాల పుస్తకానికి బొమ్మలు: ఏఐతో పనిచేసిన ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌లో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి, పేజీలు డిజైన్ చేసే చిన్న స్టూడియో మాది. ఆర్ట్ డైరెక్షన్ నేను చూస్తాను. ముగ్గురు ఇలస్ట్రేటర్లు ఉన్నారు. ఒకాయన ఒకప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకు సినిమా బ్యానర్లు గీసిన పెయింటర్. మేమంతా ఆయన్ని అన్న అనే పిలుస్తాం. ఒకమ్మాయి మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివింది. మూడోవాడు కుర్రాడు, కాగితం కన్నా ముందు ట్యాబ్లెట్ మీద గీయడం నేర్చుకున్నాడు.

ఏఐ వల్ల కళాకారుడి సృజనకు మేలా, కీడా అనే చర్చ ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. మా దగ్గర ఒకే పుస్తకంలో రెండూ జరిగాయి. ఏది ఏ దశలో జరిగిందో వివరంగా రాస్తే ఇదే పనిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

వచ్చిన పని

ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కోసం 24 పేజీల పుస్తకం, 8.5 అంగుళాల చదరం సైజు. అమ్మమ్మతో లాల్ దర్వాజా బోనాలకు వెళ్లిన ఒక చిన్నపిల్ల కథ. రాసినావిడ పాతబస్తీలో పెరిగిన రిటైర్డ్ తెలుగు టీచర్. పేజీకి రెండు మూడు వాక్యాలే రాశారు, మిగతాదంతా బొమ్మే చెప్పాలి. ఆషాఢంలో గోల్కొండ కోటలో జగదాంబిక అమ్మవారికి తొలి బోనం ఎత్తే నాటికి పుస్తకం షాపుల్లో ఉండాలని పబ్లిషర్ కోరిక.

కథతో పాటే బొమ్మలూ వచ్చేశాయి. పబ్లిషర్ ఆఫీసులో పనిచేసే అబ్బాయి కథలోని వాక్యాలను ఇంగ్లిష్‌లోకి మార్చి, ఒక ఇమేజ్ జనరేటర్‌కు ఇచ్చి, పేజీకొక బొమ్మ చేయించాడు. "సార్, బొమ్మల పని దాదాపు అయిపోయినట్టే. తప్పులేమైనా ఉంటే సరిచేసి ప్రింట్‌కు ఇచ్చేద్దాం. బడ్జెట్ కూడా ఆ లెక్కనే వేశాం" అన్నాడు. టీచరమ్మ కూడా ఆ బొమ్మలు చూసి ముచ్చటపడ్డారు. తన మాటలు రంగుల్లో ఎదురుగా కనిపిస్తే ఎవరికైనా సంతోషమే కదా.

కంటికి కనిపించిన తప్పులు

బోనం అంటే పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపాకులు కట్టిన కుండ. లోపల నైవేద్యం, పైన దీపం. మాకు వచ్చిన బొమ్మల్లో ఒకచోట కుండలోంచి మంట ఎగుస్తోంది. ఇంకోచోట మామిడాకులు, కొబ్బరికాయ పెట్టిన పెళ్లి కలశం ఉంది. మరోచోట నవరాత్రుల్లో గుజరాత్ వాళ్లు పెట్టుకునే చిల్లుల కుండ. ఆడవాళ్లకు ఘాగ్రాలు, వెనక మగవాళ్లకు రాజస్థానీ తలపాగాలు. ఇరుకు గల్లీల మధ్య ఉండే లాల్ దర్వాజా సింహవాహిని గుడి స్థానంలో మధుర మీనాక్షి గోపురం లాంటిది నిలబడి ఉంది. పోతరాజు అమ్మవారి తమ్ముడని నమ్మకం. ఒళ్లంతా పసుపు పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, కొరడా ఝుళిపిస్తూ ఊరేగింపు ముందు ఆడతాడు. ఈ బొమ్మలో ఆయనకు కోరలు పెట్టి చేతిలో త్రిశూలం ఇచ్చారు. అమ్మవారికి సమర్పించే రంగు కాగితాల తొట్టెలు, ఊరేగింపులో వచ్చే ఫలహారం బండి అయితే అసలు పోలికే లేవు. తోరణాల మీద తెలుగు అక్షరాల్లా కనిపిస్తాయి గానీ ఒక్కటీ చదవలేం. ఒత్తులు గాల్లో వేలాడుతున్నాయి.

ఇలా ఎందుకు వస్తాయో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. జనరేటర్ల వెనకున్న ఏఐ మోడళ్లు ఇంటర్నెట్ బొమ్మలను, వాటి పక్కనున్న మాటలను జతలుగా చూసి నేర్చుకుంటాయి. 2022లో బయటికి వచ్చిన లయాన్-5బి అనే సేకరణలో 585 కోట్ల జతలున్నాయి. వాటిలో 230 కోట్లకు పైగా ఇంగ్లిష్‌వే. స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఇమేజ్ జనరేటర్ మొదటి వెర్షన్లు నేర్చుకున్నది ఆ సేకరణలోని భాగాల నుంచే. మోడల్ గజిబిజి చుక్కలతో మొదలుపెట్టి, మనం ఇచ్చిన మాటలకు ఏ బొమ్మలు ఎక్కువగా జతపడ్డాయో అటువైపుకు మెట్టుమెట్టుగా తుడుచుకుంటూ వస్తుంది. పండుగ, కుండ, చీర అనగానే ఎక్కువమంది ఫోటోలు పెట్టిన పండుగ వైపే మొగ్గుతుంది. లాల్ దర్వాజా గల్లీ దానికి దొరికే అవకాశం చాలా తక్కువ.

ప్రాంప్ట్‌లో, అంటే జనరేటర్‌కు ఇచ్చే మాటల్లో, "తెలంగాణ పల్లె స్త్రీ" అని గట్టిగా చెప్పి మేమూ చూశాం. అప్పుడు బొమ్మలు మారాయి. పక్కనుంచి కనిపించే ముఖం, నుదుట పెద్ద కుంకుమ, ముదురు ఒంటి రంగు, మోచేతి దాకా గాజులు. హైదరాబాద్‌లో బొమ్మలు చూసే అలవాటున్న ఎవరైనా చిత్రకారుడు తోట వైకుంఠం గారి పేరే చెబుతారు. ఆయన ఆ ఆడవాళ్లను కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో, తన తల్లిలో, తన చుట్టూ ఉన్నవాళ్లలో చూసి గీశారు. శైలి మీద కాపీరైట్ ఉండదు కాబట్టి చట్టం అడ్డురాదు. కానీ నా పేరున్న పుస్తకంలో ఆ బొమ్మ అచ్చు వేయడానికి నాకు మనసొప్పలేదు.

అక్కడ కుర్రాడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "కాపు రాజయ్య గారు కూడా నకాషీ బొమ్మల నుంచే తీసుకున్నారు కదా సార్?" అవును, తీసుకున్నారు. ఆయన సిద్దిపేట చిత్రకారుడు. పటాలు గీసే చేర్యాల నకాషీలు ఆ దగ్గర్లోనే ఉంటారు. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కులపురాణాలు గీసేవాళ్లు. ఆ పటాలు పరిచి కథ చెప్పేవాళ్ల కోసం మూరల కొద్దీ గీసేవాళ్లు. ఆ చదును బొమ్మలను, ఆ రేఖను రాజయ్య గారు తీసుకుని, తాను చూసిన జనాన్ని, పనిపాటలను అందులో పెట్టారు. తీసుకోవడం తప్పని నేను ఎప్పుడూ అనను. తీసుకున్నవాడు సొంతంగా ఏదో ఒకటి చూసి ఉండాలి. మా చేతిలో ఉన్న బొమ్మల్లో బోనాన్ని చూసిన మనిషి ఎవరూ లేరు.

అసలు నష్టం ఎక్కడ జరిగింది

ఇప్పటిదాకా చెప్పిన తప్పులన్నీ దిద్దేయొచ్చు. ఘాగ్రా తీసి చీర కట్టొచ్చు, గోపురం చెరపొచ్చు. రేపొచ్చే మోడల్ ఈ తప్పులు చేయకపోవచ్చు కూడా. నన్ను కలవరపెట్టింది వేరే విషయం.

ఆ బొమ్మలు పక్కనపెట్టి మళ్లీ మొదటినుంచి రఫ్‌లు, అంటే తొలి పెన్సిల్ గీతలు, వేద్దామని అనుకున్నాం. అన్న, కుర్రాడు పెన్సిల్‌తో చిన్న చిన్న థంబ్‌నెయిల్స్ వేసి తెచ్చారు. ఇద్దరివీ వేర్వేరు చేతులు, వేర్వేరు వయసులు. అయినా కూర్పు మాత్రం ఒకటే. పేజీ మధ్యలో బోనం ఎత్తిన స్త్రీ, చూపు కింది నుంచి పైకి, వెనక నుంచి బంగారు వెలుగు, దూరంగా మసకగా జనం. కంప్యూటర్ ఇచ్చిన బొమ్మలది కూడా సరిగ్గా అదే కూర్పు. ఫైలు మూసేశాం గానీ అది వాళ్ల కళ్లలోంచి పోలేదు.

అప్పుడు ఆ అమ్మాయి సెలవు మీద వరంగల్‌లో ఉంది. పబ్లిషర్ పంపిన బొమ్మలు ఆమె చూడలేదు. కథ మాత్రం ఫోన్‌లో చదివింది. ఆమె తెచ్చిన రఫ్‌లలో మొదటి పేజీలో ఒక్క ముఖం కూడా లేదు. అన్నీ నడుములు, కొంగులు, పసుపు రాసిన పాదాలు, నేల మీద రాలిన వేపరెబ్బలు, ఒక మేక మెడతాడు. "పిల్లకి ఆరేళ్లు కదా సార్. ఆ గుంపులో దానికి ఇవే కనిపిస్తాయి" అంది. కథంతా పిల్ల కంటి ఎత్తునుంచే చెప్పాలన్న నిర్ణయం ఆ క్షణంలో జరిగిపోయింది. పుస్తకం నిలబడింది దాని మీదే. ఆమె కూడా ముందే ఆ బొమ్మలు చూసి ఉంటే ఇది వచ్చేది కాదని నేను రుజువు చేయలేను. నా అనుభవం మాత్రం రాదనే చెబుతోంది.

దీనికి పరిశోధనలోనూ బలం ఉంది. నమూనా చూపించి డిజైన్ చేయమంటే ఇంజనీర్లు అందులోని లోపాలతో సహా దాన్నే తిప్పి గీస్తారని 1991లోనే జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు చూపించారు. 2024లో 60 మందితో చేసిన ఒక అధ్యయనంలో ఏఐ బొమ్మల సాయం తీసుకున్నవాళ్లు చూపించిన నమూనాకే ఎక్కువ అతుక్కుపోయారు. వాళ్లకు వచ్చిన ఆలోచనలు కూడా తక్కువే, వాటిలో వైవిధ్యమూ తక్కువే. అదే ఏడాది అనిల్ దోషి, ఆలివర్ హౌజర్ సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో చిన్న కథల మీద చేసిన ప్రయోగం ప్రచురించారు. సుమారు 300 మంది రాశారు, 600 మంది చదివి మార్కులు వేశారు. ఏఐ ఇచ్చిన ఆలోచనతో రాసిన కథలు విడివిడిగా చూస్తే మెరుగ్గా ఉన్నాయి, ముఖ్యంగా అంతగా రాయలేనివాళ్లవి. కానీ అన్నీ కలిపి చూస్తే ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. మా టేబుల్ మీద ఉన్న థంబ్‌నెయిల్స్ గురించి ఇంతకన్నా స్పష్టంగా నేను చెప్పలేను.

ఇంకో నష్టం రచయిత్రి వైపు నుంచి జరిగింది. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. పబ్లిషర్ పంపిన బొమ్మలు చూసినప్పుడు ఆవిడ అన్న మాటలు రెండే: "చాలా బాగున్నాయి", "ఈ చీర రంగు మారిస్తే బాగుంటుందేమో". పూర్తయిపోయినట్టు కనిపించే బొమ్మ ముందు రచయిత చెప్పగలిగేది అంతే. రంగులు, నీడలు అన్నీ ఉన్నచోట వేలు పెట్టడానికి మొహమాటపడతారు. తర్వాత ఆ అమ్మాయి పెన్సిల్ గీతలు ముందు పెట్టాం. సగం చెరిపిన గీతలు, ఒకచోట చెయ్యి కూడా పూర్తి కాలేదు. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అమ్మా, ఇక్కడ వాకిళ్లలో నిలబడి బోనం ఎత్తినవాళ్ల కాళ్ల మీద నీళ్లు పోస్తారు. అమ్మవారే నడిచి వస్తోందని. ఆ నీళ్లు పిల్ల మీద చిందాలి. చిన్నప్పుడు నా పావడా తడిసి మా అమ్మ తిట్టింది" అన్నారు. ఆ పేజీలో వాక్యం మార్చేశారు. ఇంకో రెండు పేజీల్లో మాటలు తీసేశారు, బొమ్మే చెబుతోంది కదా అని. పుస్తకంలో పిల్లలు ఇప్పుడు ఎక్కువగా ఇష్టపడే పేజీ ఆ నీళ్ల పేజీ. అది కథలో లేదు, ప్రాంప్ట్‌లో లేదు, అమ్మాయి ఊహలో కూడా లేదు. ఆ పేజీ ఇద్దరు మనుషుల మధ్య, బొమ్మ ఇంకా పచ్చిగా ఉండటం వల్ల పుట్టింది.

అందుకే కీడు ఎక్కువగా ఏఐ బొమ్మల నునుపులోనే ఉందని నేను అనుకుంటున్నాను. ఆలోచన ఇంకా మొదలుకాకముందే పని ముగిసిపోయినట్టు కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా దాన్ని నమ్మేస్తారు.

మేలు జరిగిన చోట్లు

రఫ్‌లు ఖాయమయ్యాక లాల్ దర్వాజా గల్లీల్లో తిరిగి, అరుగులు, గుమ్మాలు, కరెంటు తీగలు గీసుకొచ్చాం. ఆ తర్వాత అదే టూల్‌ను మళ్లీ తెరిచాం. ఈసారి అది నిజంగా సాయపడింది.

మొదటిది రంగులు. మా గీతలనే దానికి ఇచ్చి, సాయంత్రం వెలుగులో ఎలా ఉంటుంది, వాన మబ్బు కింద ఎలా ఉంటుంది, పెట్రోమాక్స్ లైటు కింద ఎలా ఉంటుంది అని అడిగాం. ఆషాఢం కాబట్టి మబ్బు వెలుగే నిజానికి దగ్గర. ఆ బూడిద రంగు వెలుగులో పసుపు ఎంత వెలుగుతుందో తెరమీద చూశాకే మాకు ధైర్యం వచ్చింది. చేత్తో అయితే ఒక్కో రంగుల ప్రయత్నానికి ఒక పూట పట్టేది, ఇన్ని చూసేవాళ్లమే కాదు. కుర్రాడికి రంగుల మీద పట్టు తక్కువ. ఈ పనిలో వాడు ఎదిగాడు. ఏ రంగు పక్కన ఏది పెడితే ఏమవుతుందో వెంటవెంటనే చూసి నేర్చుకున్నాడు.

రెండోది ఆ అమ్మాయి కనిపెట్టిన పద్ధతి, నాకు చాలా నచ్చింది. తన రఫ్ పూర్తయ్యాక అదే సన్నివేశాన్ని మాటల్లో కంప్యూటర్‌కు ఇచ్చి, అది ఏం గీస్తుందో చూసేది. దాని బొమ్మకూ తన రఫ్‌కూ ఏవి కలిశాయో గుర్తుపెట్టుకుని, వాటి గురించి మళ్లీ ఆలోచించేది. కొన్ని ఉంచేది, కొన్ని మార్చేది. అందరికీ తట్టేది ఏమిటో అది చిటికెలో చెప్పేస్తుంది కాబట్టి, తనకు మాత్రమే తట్టేది ఏమిటో వెతుక్కోవడం ఆమెకు తేలికైంది. ఇక్కడ వరుస ముఖ్యం, తన రఫ్ ముందు ఉండాలి.

జనసమూహం పేజీ కోసం కూడా ప్రయత్నించాం. అది కుదరలేదు. ముఖాలన్నీ ఒకే ఇంటివాళ్లలా వచ్చాయి. ఆ పేజీ అన్న గీశారు. నలభై అడుగుల బ్యానర్ మీద గుంపులు నిలబెట్టిన చెయ్యి అది. ఒక్కో మనిషికి ఒక్కో నిలబడే తీరు ఉంది. ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు, ఒకావిడ చెప్పు తెగి ఒంటికాలి మీద నిలబడింది. రంగులు ఆరేదాకా పక్కన కూర్చుని ఆయనతో మాట్లాడాను. "ఫ్లెక్స్ వచ్చినప్పుడు మా పని పోయింది సార్, చెయ్యి పోలేదు. ఫ్లెక్స్ మీద కూడా ఎవరో ఒకరు డిజైన్ చెయ్యాలె. ఇదైతే చేతి మీదికే వస్తున్నది" అన్నారు. 2000 తర్వాత కొద్ది ఏళ్లలోనే నగరంలో చేత్తో గీసే బ్యానర్లు మాయమయ్యాయి. ఆ పెయింటర్లలో చాలామంది వేరే పనులకు వెళ్లిపోయారు. ఆయన మాటను వయసు మీద పడ్డ బెంగ అని నేను కొట్టిపారేయలేను.

ప్రింటింగ్ సంగతి క్లుప్తంగా. మాకు వచ్చిన బొమ్మలు 1024 పిక్సెల్స్‌వి. అంగుళానికి 300 చుక్కల లెక్కన అవి 3.4 అంగుళాలకే సరిపోతాయి. మా డబుల్ స్ప్రెడ్, అంటే ఎదురెదురు రెండు పేజీలు కలిపి, 17 అంగుళాలు, అంటే 5100 పిక్సెల్స్ కావాలి. పెద్దవి చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, అవి లేని వివరాలను పుట్టిస్తాయి. నగల మీద, వేళ్ల దగ్గర అది బయటపడుతుంది. పైగా తెర మీద మెరిసే ఆ బంగారు వెలుగు నాలుగు రంగుల ప్రెస్‌లో చప్పబడిపోతుంది.

డబ్బు, హక్కులు

పబ్లిషర్‌ను ఒప్పించింది కళ గురించి నేను చెప్పిన మాటలు కాదు. "రేపు ఈ బొమ్మను ఇంకెవరో క్యాలెండర్ మీద వేసుకుంటే మీరు ఆపగలరా?" అన్న ప్రశ్న. మన 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, కంప్యూటర్ ద్వారా తయారైన రచనకు దాన్ని తయారు చేయించిన వ్యక్తే కర్త. కానీ ఆ మాటలు రాసినప్పుడు ఇలాంటి జనరేటర్లు లేవు. అమెరికాలో అయితే దారి కొంత స్పష్టంగా ఉంది. 2023లో అక్కడి కాపీరైట్ ఆఫీసు ఒక కామిక్ విషయంలో మాటలకు, పేజీల అమరికకు రక్షణ ఉంటుందని, ఏఐ తీసిన విడి బొమ్మలకు ఉండదని తేల్చింది. కాపీరైట్‌కు మనిషే కర్తగా ఉండాలని 2025లో అప్పీల్ కోర్టు కూడా చెప్పింది. ఈ పుస్తకాన్ని అక్కడి తెలుగువాళ్లకు అమ్మాలని పబ్లిషర్ ఆలోచన. లెక్క ఆయనకు వెంటనే అర్థమైంది. బడ్జెట్ పూర్తిగా కాకపోయినా చాలావరకు పెంచారు. రఫ్‌ల దశకు విడిగా డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

పిల్లల దగ్గర

అచ్చుకు ముందు రెండు డమ్మీలు, అంటే నమూనా పుస్తకాలు, చేసి పాతబస్తీ పిల్లల చేతికిచ్చాం. ఒకటి పబ్లిషర్ పంపిన బొమ్మలతో, రెండోది మాది. ఎక్కువమంది ముందు మెరిసే పుస్తకమే అందుకున్నారు, "సినిమా లెక్క ఉంది" అన్నారు. ఈ విషయం దాచకూడదు, ఆ ఆకర్షణ నిజమైనదే. కానీ దాన్ని గబగబా తిప్పేసి పక్కన పెట్టారు. మా డమ్మీ దగ్గర ఆగి వాదులాడుకున్నారు. మేక ఎవరిది, నీళ్లు పోసిన ఆవిడ ఎవరు, తీగల మీద చిక్కుకున్న గాలిపటం ఎవరిది అని. ఒక పిల్లాడు పోతరాజు నడుముకు వేపాకులు తక్కువయ్యాయని చెప్పాడు. వాడు చెప్పింది కరెక్ట్, మార్చాం.

ఇప్పుడు మా పద్ధతి

రఫ్‌ల మీద రచయిత సంతకం అయ్యేదాకా స్టూడియోలో ఎవరూ జనరేటర్ తెరవరు. క్లయింట్లను బొమ్మలు పంపవద్దని, ఏం కావాలో మాటల్లో రాయమని అడుగుతున్నాం. పంపితే నేనొక్కడినే చూస్తాను, ఇలస్ట్రేటర్లకు చూపించను. ప్రచురణ వివరాలుండే ఇంప్రింట్ పేజీలో బొమ్మలు ఎవరు గీశారో, కంప్యూటర్‌ను దేనికి వాడామో అచ్చు వేస్తున్నాం.

తేలని సమస్య ఒకటి మిగిలింది. స్టూడియోకు కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట రంగులు నింపే పని, వెనక చెట్లు, గోడలు గీసే పని ఇచ్చేవాళ్లం. అన్న బ్యానర్ల దగ్గర అలాగే నేర్చుకున్నారు, నేనూ అలాగే నేర్చుకున్నాను. ఆ పనుల్లో సగం ఇప్పుడు టూల్ చేసేస్తోంది. ఇక కొత్తవాడి చెయ్యి ఎక్కడ తిరగాలి? ప్రస్తుతానికి కుర్రాడిని ప్రతి వారం మోండా మార్కెట్‌కో, మొజంజాహీ మార్కెట్‌కో స్కెచ్‌బుక్‌తో పంపిస్తున్నాను, జీతంలో భాగంగానే. ఆ ఖర్చును "స్థల స్కెచింగ్" అని తర్వాతి పుస్తకం ఎస్టిమేట్‌లో విడిగా రాశాను. పబ్లిషర్ ఆ లైన్ కొట్టేసి పంపారు. నేను మళ్లీ రాసి పంపాను. ఇంకా మాట్లాడుకుంటున్నాం.